పండగనాడు ఊడిన ట్రైలర్

దసరా నాటి అమీర్‌పేట నాకు పడదు. హాస్టళ్ళన్నీ ఖాళీ అయిపోతాయి. మైత్రీవనం ముందు కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ళు కూడా ఉండరు. మిగతా రోజుల్లో జనాన్ని తిట్టుకుంటూ నడిచే నాకు ఆ నిశ్శబ్దం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

సాఫ్ట్‌వేర్ కోర్సుల జోరు నడిచిన రోజుల్లో మధురానగర్‌లో మేం జనరేటర్లు అద్దెకిచ్చేవాళ్ళం. చిన్న ట్రైలర్ మీద బిగించిన జనరేటర్‌ని మా ఎస్‌యూవీ వెనక తగిలించుకుని నేనే తీసుకెళ్ళేవాణ్ణి. మా మెకానిక్‌కి చాదస్తం. బరువు చక్రాలకి కాస్త ముందుకే ఉండాలంటాడు. కొక్కెంలో పెద్ద పిన్ను దించాక, అది ఎగిరిపోకుండా కింద చిన్న క్లిప్పు పెట్టి, పిన్ను ఊడినా ట్రైలర్ బండిని వదలకుండా గొలుసులు తగిలించి, ఊపి ఊపి చూస్తాడు. నాకేమో ఒళ్ళు మండేది.

ఒక ఏడు దసరా ఆయుధపూజకి ఆ క్లిప్పుని కూడా విప్పి, పానాలతో పాటు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు పళ్ళెంలో ఉంచాడు. పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజంతా ముట్టుకోకూడదని మా ఇద్దరికీ పట్టింపే. మధ్యాహ్నం బంజారా హిల్స్ నుంచి ఫోను. ఇంట్లో పూజ జరుగుతుంటే కరెంటు పోయిందట, వెంటనే రమ్మన్నారు. మెకానిక్ ఇంటికి ఫోన్ చేశాను.

"ఇయ్యాల వద్దు సార్. పోవాల్నంటే జర ఆగుండ్రి, నేనొచ్చి తగిలిస్త," అన్నాడు.

"నాకు రాదా ఏంటి?" అని పెట్టేశాను.

పళ్ళెం జోలికి పోలేదు. క్లిప్పు లేకుండానే పిన్ను దించాను. పది నిమిషాల దారికి గొలుసులెందుకులే అనుకున్నాను.

పంజాగుట్ట దాటి ఎత్తు ఎక్కుతుంటే ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అది దాటగానే బండి తేలికైపోయింది. ఎంత హాయిగా అనిపించిందో! అలా అనిపించినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. అద్దంలో చూస్తే వెనక ట్రైలర్ లేదు.

బండి ఆపి, దిగి పరుగెత్తాను. ట్రైలర్ మూతి నేలకు రాసుకుంటూ పోయిన తెల్లటి గీత పల్లం వైపు సాగింది. నరమానవుడు లేడు. ఎవరి మీదికి ఎక్కిందోనని దారి పొడవునా చూసుకుంటూ పోయాను. గీత ఒక సందులోకి తిరిగింది. అక్కడ ఓ ప్రహరీ గోడకి ఆనుకుని, ఎవరో తెచ్చి నిలబెట్టినంత బుద్ధిగా ఉంది ట్రైలర్. చక్రం కింద ఒక ఆడవాళ్ళ చెప్పు. కొత్తది. రెండోది లేదు. నెత్తురు కూడా లేదు.

గేట్లు కొట్టాను. చాలాసేపటికి ఒక వాచ్‌మన్ బయటికొచ్చాడు.

"గీ గల్లీల ఎవరున్నరు సార్? అందరు ఊర్లకు పోయిన్రు," అన్నాడు. "చప్పుడైతే ఇన్న. ఎవరో ఉరికినట్టు సుత అనిపించింది. వచ్చి చూస్తే ఎవ్వరు లేరు."

బంజారా హిల్స్ పూజ సంగతే మరిచిపోయి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. చెప్పు కోసం ఎవరూ రాలేదు. దగ్గర్లోని ఆసుపత్రులకి వెళ్ళి అడిగితే, అలాంటి కేసేదీ రాలేదన్నారు.

మర్నాడు మెకానిక్‌కి సంగతంతా చెప్పాను.

"ఎవలకన్న తగిలిందా సార్?" అని మాత్రం అడిగాడు.

"లేదు," అన్నాను.

అది నిజమో కాదో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ సందులోంచి వెళ్ళాల్సి వస్తే, ఎదురొచ్చే ప్రతి ఆడమనిషి నడక వంకా చూస్తాను.