పూడ్చని గొర్రె

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అడవి జంతువుల మీద సినిమాలు తీసే మనిషికి ఉండాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు అని మా అమ్మ దెప్పుతుంటుంది. ఆ ఎండాకాలం వికారాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే రైలెక్కి తాండూరులో దిగి, అక్కడి నుంచి బండి మీద కరణ్‌కోట అవతల మూతబడ్డ నాపరాతి గనికి పోయేదాన్ని. గని పక్కన రాళ్లు పారబోసిన గుట్ట సందులో ఒక ఆడతోడేలు నాలుగు పిల్లల్ని పెట్టింది. నలభై రోజులు పడిగాపులు కాస్తే నా కెమెరాకు చిక్కింది దాని తోక మాత్రమే.

ఆ గుట్టను నాకు చూపించింది గొర్రెలు కాసే ఒక పెద్దాయన. ఆయన నన్ను బిడ్డా అనేవాడు, నేను పెద్దయ్యా అనేదాన్ని. పిల్లలున్న చోటు ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. తన తమ్ముడికి అసలే చెప్పొద్దన్నాడు. మందలో సగం గొర్రెలు ఆ తమ్ముడివి. తోడేలు పేరెత్తితే చాలు, అతనికి ఒళ్లు మండేది.

ఒక సాయంత్రం నా కళ్ల ముందే తోడేలు మందలో పడి తమ్ముడి గొర్రెను పట్టింది. పెద్దయ్య, కుక్కలు కలిసి తరిమితే వదిలేసి ఉరికింది గానీ గొర్రె అప్పటికే చచ్చింది. పెద్దయ్య వెంటనే గడ్డపార అందుకున్నాడు. తోడేలు ముట్టినదాన్ని పొద్దుగూకకముందే పూడ్చి పైన రాళ్లు పేర్చాలట. తాతల నాటి పద్ధతి అట. నా నోట్‌బుక్‌లో ‘నమ్మకాలు’ అని ఒక పేజీ ఉండేది. అందులో ఇదీ ఎక్కించాను. ఎంత తెలివి నాది!

పట్టిన వేట కోసం తోడేలు మళ్లీ వస్తుందని నాకు తెలుసు. తెల్లారేదాకా గొర్రెను అక్కడే వదిలేయమని బతిమాలాను. మంచిది కాదన్నాడు. ఎందుకని అడిగితే నేల చూపులు చూశాడు. నేను అలిగాను. ఈ సినిమా వస్తేనే తోడేళ్లు బతుకుతాయని ఇంత పొడుగు ఉపన్యాసం దంచాను. చివరికి ఆయన గడ్డపార భుజాన వేసుకున్నాడు.

“తెల్లారంగనే వచ్చి పూడుస్త. గంతవరకే బిడ్డా.”

ఆ రాత్రి వికారాబాద్ పోకుండా తాండూరులోనే ఉండి, తెల్లవారుజామున రాళ్ల వెనక కెమెరా నిలబెట్టి, గోనెపట్టా కప్పుకుని కూర్చున్నాను. వెలుతురు రాగానే తోడేలు వచ్చింది. ఇన్నాళ్లకు మొదటిసారి దాని మొహం కెమెరాలో కనబడింది. పాలతో బరువెక్కిన పొదుగు, బయటపడ్డ పక్కటెముకలు. నాలుగడుగులు వేయడం, ఆగడం, వాసన చూడడం. నేను కెమెరా నుంచి కన్ను తీయలేదు. అంతలో గాలి మళ్లింది. కందిచేనుకు కొట్టే మందు వాసన గుప్పున తగిలింది. గొర్రె మీద మందు పోశారు.

గోనెపట్టా విసిరేసి లేచాను. రాళ్లు రువ్వుతూ, నోటికొచ్చింది అరుస్తూ ఉరికాను. గొర్రె మీదికి మూతి వంచబోతున్న తోడేలు ఎగిరిపడి గని వైపు పారిపోయింది. గొర్రె పక్కన ఒక కాకి చచ్చి పడి ఉంది. తోడేలు రాత్రే ఒకసారి వచ్చి తిని పోయిందేమో, పిల్లలకు ఆ పాలే ఇచ్చిందేమో అనుకున్నాను. అక్కడే కూలబడి ఏడ్చాను.

పెద్దయ్య వచ్చాడు, వాసన చూశాడు. గుంత తవ్వాడు. మట్టి కప్పాక నెమ్మదిగా చెప్పాడు.

“గిది మా తమ్ముని పనే. మా తాత తమ్ముడు గూడ గిట్లనే జేసిండట. గందుకే పూడుస్తం. ఇంటి సంగతి నీకెట్ల జెప్పాలె?”

మూడు రోజులు గుట్ట దగ్గర ఏ అలికిడీ లేదు. నాలుగో రోజు గని అడుగున బురదలో పెద్ద అడుగులు, వాటి వెంట చిన్నవి కనిపించాయి. పిల్లల్ని తీసుకుని అది మరో చోటికి పోయింది. బతికే ఉంది. ఆ తర్వాత ఎవరడిగినా ఒకటే చెప్పేదాన్ని: మందు సంగతి తెలిసిన క్షణంలోనే లేచాను, నలభై రోజుల కష్టం పోయినా లెక్కచేయలేదు అని. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను.

ఆ పొద్దున తీసిన ముక్క చూస్తానని పెద్దయ్య అడిగితే, వాళ్ల వాకిట్లో మంచం మీద లాప్‌టాప్ పెట్టి చూపించాను. వాసన వచ్చిన చోట ఇదిగో ఇక్కడే లేచానని చెప్పబోయాను. ఆయన వెనక్కి తిప్పమన్నాడు. మళ్లీ తిప్పమన్నాడు. గొర్రె మీది కాకి ఎగరబోయి ఒరిగింది. రెక్కలు టపటపా కొట్టుకుని కదలకుండా పడిపోయింది. గాలి మళ్లడానికి చాలా ముందు. తోడేలు ఇంకా దూరంగానే ఉంది. అప్పుడు బొమ్మ మెల్లగా దాని మొహం వైపు దగ్గరైంది. కాకి తెర అంచు దాటి కనబడకుండా పోయింది.

ఆయన తెర మీద వేలు పెట్టాడు.

“కాకి పడ్డంక నువ్వు దాన్ని పక్కకు జరిపినవ్ బిడ్డా.”

కెమెరాను జరిపింది నా చెయ్యే.