అల్లుడు మెచ్చిన కారు

మొన్న ఎల్లారెడ్డిలో ఒక పెళ్ళికి పోయి, బంతిలో కూర్చుని రెండు ముద్దలు తిన్నానో లేదో, వెనక వరుసలో మగవాళ్ళ మాటలు చెవిన పడి అన్నం సహించకుండా పోయింది. ఎవరి కొడుకో కారు కొంటాడట. మరీ చిన్నది కాదు, మరీ పెద్దదీ కాదు, వెనక డిక్కీ ఉండే పొడుగు కారు, సెడాన్ అంటారు కదా, అది. ఒకడు పైకప్పుకు అద్దం ఉండాలంటాడు, ఒకడు ముందర టీవీ అంత తెర ఉండాలంటాడు, ఇంకొకడు ఫలానాది ధర తక్కువ, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చంటాడు. వాళ్ళందరి నడుమ మా చెల్లె మొగుడు, నెరిసిన మీసం దువ్వుకుంటూ, ఏ కారు మంచిదో తీర్పు చెబుతున్నాడు. ఆ గొంతు వినగానే విస్తరి మడిచి లేచాను. పక్కనున్నావిడ కూర బాగాలేదా అని అడిగింది. కూర బాగానే ఉంది, నాకే ఎప్పటిదో రోత గొంతు దాకా వచ్చింది.

నేను చదువుకున్నదాన్ని కాను. నలభై దాటినాక, ఊరి బడిలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి పలకలిచ్చిన రోజుల్లో, బీడీలు చుట్టే వేళ్ళతోనే అ ఆలు దిద్దాను. అందుకని నా రాతలో సొంపు ఉండదు, మొహమాటం అంతకంటే ఉండదు. మన ఈడువాళ్ళు చదివితే అర్థమవుతుందని రాస్తున్నాను, ఎందుకంటే ఇంటి అల్లుడు అలిగితే ఇల్లంతా ఎట్లా వణికేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు.

మాది తాడ్వాయి పక్కన చిన్న పల్లె. మా బాపుకు మేము ముగ్గురం, నేను, నా తరవాత తమ్ముడు, ఆఖరున చెల్లె. నా మొగుడు తొందరగా పోతే నేను పుట్టింటికే వచ్చి, బీడీల గంప ముందర పెట్టుకుని బతికాను. తమ్ముడు పెళ్ళయిన కొత్తలోనే దుబాయి పోయాడు. మా దిక్కు అది వింత కాదు, పోనివాడే వింత. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వచ్చేవాడు. ఒకసారి అట్లా వచ్చినప్పుడు వాడి బిడ్డ వాడిని చూసి జడుసుకుని నా కొంగు వెనక దాక్కుంది. వాడు దానికోసం తెచ్చిన బొమ్మను చేతిలో పట్టుకుని గడపలోనే చాలాసేపు నిలబడ్డాడు. ఆ సాయంత్రమే, ఇంక పోను, ఇక్కడే ఏదో ఒకటి చేసుకుంటానని బాపుతో చెప్పాడు.

వాడు ఆలోచించింది తప్పేమీ కాదు. మన ఊళ్ళ నుంచి గల్ఫుకు పోయేవాళ్ళను హైదరాబాదు విమానాల దగ్గర దించి రావడానికి కిరాయి బండ్లు కావాలి. ఒకడు పోతుంటే వాడి వెంట ఏడవడానికి నలుగురు కూర్చోవాలి, తాళ్ళతో బిగించి పెద్దపెద్ద అక్షరాలతో పేర్లు రాసిన అట్టపెట్టెలు పెట్టుకోవాలి. జీపుల్లో కుక్కుకుని పోయే రోజులు పోయి, అందరూ డిక్కీ కారే కావాలనే రోజులు వచ్చాయి. అందుకని తమ్ముడు తెచ్చిన పైకం పెట్టి సెకండ్ హ్యాండులో ఒక సెడాన్ కొని కిరాయికి తిప్పుదామనుకున్నాడు. కారు నడిస్తే తమ్ముడు ఇంట్లో ఉంటాడు, నడవకపోతే మళ్ళీ ఎడారికి పోతాడు, ఉన్న సంగతి అంతే. ఇది మా మరదలికి, అంటే తమ్ముడి పెళ్ళానికి, అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాలేదు.

కామారెడ్డిలో ఒక బ్రోకరు దగ్గర రెండు కార్లు చూసి వచ్చాడు తమ్ముడు. ఒకటి తెల్లది, రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి, చూస్తే ముసలి బర్రె లాగా ఉంది, కానీ ఇంజను గట్టిదని పేరు, అందుకే ధర ఎక్కువ. రెండోది వెండి రంగుది, పట్నంలో ఎవరో డాక్టరు తోలిందట, లోపల కూర్చుంటే మెత్తగా, చల్లగా, నిండు పెళ్ళికొడుకు లాగా ఉంది, ధర మాత్రం తెల్లదానికంటే బాగా తక్కువ. ఇంత సొగసైనది ఇంత తక్కువకు ఎందుకు వస్తున్నదని మాలో ఎవరూ అడగలేదు, చవకగా దొరికినదాన్ని గురించి ప్రశ్నలడిగితే చేజారిపోతుందని మనకు భయం కదా.

ఇక్కడ మా దిక్కు ఆచారం ఒకటి చెప్పాలి. ఎడ్లు కొన్నా, పొలం కొన్నా, బోరు వేసినా ఇంటి అల్లుణ్ణి పిలిపించి, కోడి కోసి పెట్టి, మొదటి మాట ఆయన నోటి నుంచే రావాలని కూర్చునేవాళ్ళు. ఆయన ఒకసారి మంచిదన్నాక ఎవరూ కాదనకూడదు, కాదంటే అలుగుతాడు, అలిగితే పిల్లను పుట్టింటికి పంపడు. అంటే ఎడ్ల పళ్ళు చూసేదీ, బోరు జాగా చూసేదీ ఎవరైనా, అసలు చూసేది అల్లుడి మొహమే. ఎడ్ల గురించి ఆయనకు కొంతైనా తెలుసు. కార్ల గురించి తెలిసింది మాత్రం, వాళ్ళ మండలంలో ఎవరి దగ్గర ఏ రంగు కారుందో అంతవరకే.

అందరం కలిసి కామారెడ్డికి పోయాం, పెండ్లిచూపులకు పోయినట్టు. బాపు, తమ్ముడు, మరదలు, నేను, చెల్లె, ఆమె మొగుడు. అల్లుడుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెండి కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి వేసి, ఆ చప్పుడు విని తల ఊపి, సీటులో కూర్చుని అద్దంలో మీసం చూసుకుని దిగాడు. తెల్ల కారు వైపు తల కూడా తిప్పలేదు. కారంటే గిట్లుండాలె అన్నాడు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్న బ్రోకరు వెంటనే చాయ్ చెప్పాడు.

నేను అప్పటికే, బ్రోకరు కోసం కాచుకుని ఉన్నప్పుడు, ఆ వీధిలో మెకానిక్ షెడ్లన్నీ తిరిగి వచ్చాను. కొత్తగా అక్షరాలు వచ్చినవాళ్ళకు కనపడ్డ బోర్డునల్లా చదవాలనే యావ ఉంటుంది, నాకు ఇప్పటికీ పోలేదు. షెడ్ల మీద తాము బాగుచేసే కార్ల పేర్లు రాసుకుంటారు కదా, ఆ తెల్లదాని పేరు ప్రతి బోర్డు మీదా ఉంది, వెండి దాని పేరు మాత్రం ఒక్కచోట కూడా లేదు. ఆ సంగతే చెప్పాను.

అల్లుడుగారు నవ్వాడు. "వదినెకు నాలుగు అచ్చరాలు వచ్చినయో లేదో, బోర్డులు సదివి కార్లు కొంటదట" అన్నాడు. బ్రోకరూ నవ్వాడు, బాపూ నవ్వాడు, నా తోడబుట్టిన చెల్లె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడు, పెద్దల ముందర ఎప్పుడూ నోరెత్తని మరదలు, మా అందరి వెనక నుంచి మెల్లగా అడిగింది. "గిది నడుమ తొవ్వల ఆగితె బాగుచేసెటోడు ఈడ ఎవ్వలన్న ఉన్నరా?"

అడగవలసింది అదొక్కటే, అడిగింది ఆమె ఒక్కతే. కానీ మా అల్లుడి మొహం మాడిపోయింది. "శుభమా అని బండి కొనవస్తె ఆగుడు ముచ్చట తీస్తదా. గింత అపశకునం మాటల నడుమ నాకేం పని" అని చాయ్ గ్లాసు కింద పెట్టి, బస్టాండు వైపు నడిచాడు. చెల్లె ఏడుపు మొహంతో ఆయన వెంట పరుగెత్తింది. కారు ఆగిపోతుందేమో అని అడగడం అపశకునమట. పిల్లనిచ్చేటప్పుడు పిల్లగాడు తాగుతాడా అని అడగడం మనలో మర్యాద కానట్టే, కొనేటప్పుడు వస్తువు చెడుతుందా అని అడగడం మంచిది కాదట. చూసి కొనవలసిన వేళ కళ్ళు మూసుకోవడానికి శుభమని పేరు పెట్టుకున్న జాతి మనది. నాకు అప్పుడూ రోతే, ఇప్పుడూ రోతే.

బాపు మమ్మల్ని పక్కకు తీసుకుపోయాడు. ఆ ముసలాయనకు వెండి కారూ తెల్ల కారూ ఒకటే, ఆయన కళ్ళలో ఉన్నది చెల్లె ఏడుపు మొహం. నేను గట్టిగానే అరిచాను, కొనేది తమ్ముడు, తిరిగేది తమ్ముడు, నడుమ ఈయన సంగతేందని. తమ్ముడు మాత్రం బాపు దిక్కే చూస్తున్నాడు.

"అల్లుని మాట తీసేస్తె పిల్ల బతుకు ఆగమైతది బిడ్డా. నడువుండ్రి, దానికే బయాన ఇయ్యుండ్రి" అన్నాడు బాపు.

బయానా ఇచ్చి బేరం ఖాయం చేసి, మిగతా పైకమూ అప్పుడే కట్టేశారు. అలిగిన అల్లుణ్ణి బస్టాండు నుంచి బతిమాలి తెచ్చి, ఆయన చేతనే నిమ్మకాయలు చక్రాల కింద పెట్టించారు. మరదలు కారు ఎక్కనంది, బస్సులో వస్తానంది. ఆమెకు తోడుగా నేనూ బస్సే ఎక్కాను.

కొన్ని నెలలు బాగానే నడిచింది, అబద్ధం చెప్పకూడదు. పిట్లం దాకా తమ్ముడి పేరు పాకింది, చల్లటి కారు, పెట్టెలన్నీ పడతాయి అని పిలిచేవాళ్ళు. బిడ్డ వాడికి అలవాటైంది, కారు తుడుస్తుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. అల్లుడుగారు వచ్చినప్పుడల్లా కారు మీద చేయి వేసి నిలబడి, చూసినవా వదినె, నీ బోర్డులేమన్నయ్ అని ఎకసెక్కాలాడేవాడు. మరదలు మాత్రం కారు ఇంటికి వచ్చే చప్పుడు వినేదాకా పొయ్యి మీద ఎసరు పెట్టేది కాదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, తాడ్వాయి వాళ్ళ పిల్లగాణ్ణి కొత్త వీసా మీద విమానం ఎక్కించడానికి తీసుకుపోతుంటే, భిక్నూర్ దగ్గర పెద్ద రోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోయింది. పిల్లగాని తల్లినీ పెళ్ళాన్నీ దాబా ముందర మంచాల మీద కూర్చోబెట్టి, తమ్ముడు మెకానిక్కుల కోసం ఉరికాడు. ఒకాయన వచ్చి బానెట్ ఎత్తి చూసి, "అన్నా, ఇది తెరుసుడే గాని మల్ల మూసుడు నాతోని కాదు" అని చేతులు దులుపుకున్నాడట. ఇంకో బండి దొరికి వాళ్ళు పోయేసరికి విమానం పోయింది. ఆ పిల్లగాని తల్లి మా ఇంటి ముందరకు వచ్చి శాపనార్థాలు పెడుతూ మన్ను పోసింది, ఆమెను నేను ఏమీ అనను, నా కొడుకైతే నేనూ పోసేదాన్నే. ఆ తరవాత తమ్ముణ్ణి కిరాయికి పిలిచినవాడు లేడు. విమానం తప్పించే బండి అని పేరు పడితే ఇంకెవరు ఎక్కుతారు.

కారును లారీకి కట్టి పట్నం ఈడ్చుకుపోయారు. లోపల ఒక ముక్క పోయిందట, అది ఎక్కడి నుంచో రావాలట, వచ్చినా దాని ఖర్చు కారు ధరలో సగమట. అల్లుడుగారు పరామర్శకు వచ్చి, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, బండి మంచిదే, నడిపెటోనికే చాతగాలె అన్నాడు. నేను ఊరుకోలేదు.

"మెచ్చేటప్పుడు ముంగట నిలవడితివి. తోసేటప్పుడు ఏడ వోతివయ్యా" అన్నాను.

ఆయన లేచిపోయాడు. ఆ ఏడు బతుకమ్మకు చెల్లెను పంపలేదు, ఆ మరుసటి ఏడు కూడా పంపలేదు. దేనికి భయపడి ఆ దిక్కుమాలిన కారును నెత్తిన పెట్టుకున్నామో, అది ఎట్లాగూ జరిగింది. కారూ పోయింది, పిల్లా రాలేదు. బాపు అరుగు మీద కూర్చుని తోవ చూసేవాడు, నేను జాలిపడలేదు, ఆ కోపం నాకు చాలాకాలం తగ్గలేదు.

కారును వచ్చిన కాడికి అమ్మి తమ్ముడు మళ్ళీ వీసా తీసుకున్నాడు. వాణ్ణి విమానం దగ్గర దించడానికి పిట్లం నుంచి కిరాయి కారు వచ్చింది. చూస్తే అదే తెల్లది. ఆనాడు మేము వదిలేసినదాన్ని ఆ పిట్లం ఆయన కొని, సీట్లు కుట్టించి, దానితోనే ఇల్లు నడుపుకుంటున్నాడు. పెట్టెలు డిక్కీలో పెడుతూ తమ్ముడు దాని మీద ఒకసారి అరచెయ్యి ఆనించి తీశాడు. బిడ్డ ఏడవలేదు. ఏడవకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ తరవాత ఎన్నేళ్ళు గడిచాయో రాయబుద్ధి కావడం లేదు. కామారెడ్డి జిల్లా అయింది, అద్దాల షోరూములు వచ్చాయి. ఆనాడు ఎక్కడా దొరకని ముక్కను ఇవాళ ఫోనులో వత్తితే రెండో రోజుకు గుమ్మం ముందర పెట్టిపోతారట. అల్లుళ్ళు అలిగితే అలగనీ అనే ఆడపిల్లలు వచ్చారు, అది మాత్రం చూసి సంతోషపడ్డాను. కానీ అల్లుడి నోటి బదులు ఇప్పుడు ఫోను నోటి మాట వింటున్నారు, మెరిసేదాన్ని చూసి కళ్ళు మూసుకోవడం అట్లాగే ఉంది. ఆ మాత్రం దానికి మారిందని ఎట్లా చెప్పను. ఆ రోజుల్లో ఒక్కటి బాగుండేది, ఒక ఇంటి కారంటే ఆరుగురం పోయి చూశాం, తిట్టుకోవడానికైనా ఒకరికొకరం ఉన్నాం. ఇప్పుడు ఎవడి గదిలో వాడు కొంటాడు, ఎవడి రోడ్డు మీద వాడు ఆగిపోతాడు.

తమ్ముడు పోయిన ఏడు మొత్తానికే వచ్చేశాడు. మోకాళ్ళు పోయాయి. బిడ్డ పెళ్ళయి అత్తగారింటికి పోయింది, ఆ పెళ్ళికి వాడు సెలవు మీద వచ్చి చుట్టం లాగా నిలబడ్డాడు. వచ్చిన కొత్తలో బట్టలు పెట్టెలోంచే తీసి కట్టుకుని మళ్ళీ పెట్టెలోనే మడిచి పెట్టేవాడు, చూడలేక మరదలు అన్నీ తీసి బీరువాలో సర్దింది. ఇప్పుడున్న స్లాబు ఇల్లు వాడు పంపిన పైకంతోనే కట్టారు. సందెవేళ లైటు వేయబోయి, ఏ గోడకు స్విచ్చు ఉందో తెలియక వాడు తడుముకుంటుంటాడు. మరదలు చెప్పదు, లేచి తను వేయదు. వాడికి దొరికేదాకా ఆమె కూడా ఆ మసక చీకట్లోనే కూర్చుని ఉంటుంది.