ముంగిట్లో సోఫాలు

శనివారం పొద్దున డార్లీన్ సోఫాలూ మంచాలూ ముంగిట్లో పెట్టించింది. గనిలో మొగుడు గ్లెన్ ఉద్యోగం ముగియవచ్చింది, వచ్చే వారమే అమెరికా ప్రయాణం. సామాను ఇలా బయటపెట్టి అమ్ముకోవడం వాళ్ళ దేశంలో మామూలే. జాంబియాలో ఇన్నాళ్ళున్నా, ఇంట్లో ఎవరైనా పోతే ఏడ్చేవాళ్ళు కూర్చోవడానికి గది ఖాళీ చేసి సామానంతా ఇలాగే బయటికి చేరుస్తారని ఆమెకు తెలియదు.

కాసేపటికి పక్కింటి బనా కాసోండే నడుముకు చితేంగే గుడ్డ బిగించి, వీధిలోని ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని బోరుమంటూ వచ్చి ఆమెను కావలించుకుంది.

డార్లీన్ ఆమె భుజాలు పట్టి కుదిపింది. గ్లెన్ తెల్లారగానే గనికి వెళ్ళాడు.

"గ్లెన్‌కి ఏమైంది? చెప్పక్కా!"

"అయ్యో తల్లీ, పోయింది నీ మొగుడా!" అంటూ బనా కాసోండే నేలమీద కూలబడింది. ఆ మాటతో డార్లీన్ కూడా కుప్పకూలింది.

అంతలో గ్లెన్ కారు దిగాడు. ఏడుపులు ఠక్కున ఆగిపోయాయి. ఒకావిడ కెవ్వుమని గోడ దాకా పరుగెత్తింది. "మరి పోయిందెవరు? సామానంతా బయటికెందుకు చేర్చారు?" అంది బనా కాసోండే.

డార్లీన్ వెక్కుతూనే చెప్పింది. "ఎవరూ పోలేదక్కా. మేం మా దేశం వెళ్ళిపోతున్నాం. సామాను అమ్ముదామని..."

బనా కాసోండే మొహం మాడిపోయింది.

"వెళ్ళిపోతున్నారా? నీ పిల్లను నా వీపున కట్టుకుని పెంచానే! సోఫాకు ధర అంటించడానికి తీరిక దొరికింది గానీ, గోడవతల ఉన్న నాకో మాట చెప్పడానికి దొరకలేదా?"

ఆడవాళ్ళు దులుపుకుని లేవబోయారు.

"ఎక్కడికర్రా? కూర్చోండి," అంది బనా కాసోండే. "మనం చావింటికే వచ్చాం."