శ్యామ్‌సుందర్ పెద్దక్షరాలు

మా తమ్ముడు శ్యామ్‌సుందర్‌కు లోకంలో ఏ అక్షరమూ తగినంత పెద్దదిగా కనిపించదు. అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో ముప్పై ఏళ్ళు కార్ల డాష్‌బోర్డుల మీద అంకెలు రూపొందించే ఇంజనీరుగా పనిచేశాడు. ఉద్యోగం ముగిసింది కాని, అంకెలను పెంచే అలవాటు ముగియలేదు.

అతని వంటింట్లో డబ్బా మీద ‘జీలకర్ర’ అన్న మాట చుట్టూ తిరిగి వస్తుంది. మరదలు రాగిణి పోపు మాడుతుండగా డబ్బాను గిరగిరా తిప్పుతూ, “వదినా, ఇది జీలకర్రో కాదో చదివేలోగా ఆవాలు బొగ్గవుతున్నాయి” అంటుంది. మనవరాలి పుట్టినరోజుకు కేకు మీద పేరు తానే దగ్గరుండి రాయించాడు. “తాతయ్యా, నా నేమ్‌లో హాఫ్ మిస్సింగ్” అన్నది తన్వి. “ఉన్న సగమైనా అందరికీ కనిపిస్తోంది కదమ్మా” అన్నాడు.

ఇటువంటివాని చేతికి ఒక తెరను అప్పగించడం ఎంత సాహసమో ఆలోచించండి. వాళ్ళ వీధి చివర యూదుల ప్రార్థనామందిరం, అంటే సినగాగ్, ఉన్నది. అక్కడ 2011లో ఒక పెద్ద డిజిటల్ తెర పెట్టారు. ప్రార్థన పుస్తకంలో పుట సంఖ్య, భోజనం ప్రకటన, ఆ వారంలో వర్ధంతి వచ్చినవారి పేర్లు దాని మీద కనిపిస్తాయి. పేర్లను అక్కడ పైకి చదవరు. తెర మీద పేరు రాగానే ఆ ఇంటివారు లేచి నిలబడాలి. ఒకప్పటి తన పై అధికారి పెర్ల్‌మన్‌గారు ఆ మందిరానికి వెళతారు కనుక, తెర పని మా వాడు అడిగి మరీ తీసుకొన్నాడు.

శుక్రవారం పొద్దుగూకితే వారికి విశ్రాంతి దినం మొదలు; మరునాడు చీకటి పడేదాకా వారు ఏ మీటనూ తాకరు. తాకమని మరొకరికి చెప్పనూ కూడదు. చెప్పకుండా చెప్పుకొంటే వినేవాడి పుణ్యం. కనుక శుక్రవారం మధ్యాహ్నమే శ్యామ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వెళ్ళి, తెర తనంతట తానే మారేట్టు అన్నీ అమర్చి వస్తాడు. అతనికి మిగిలిన ఆఫీసు అదొక్కటే.

నేను వాళ్ళింట్లో ఉన్న ఏడాది, తెర మీది అక్షరాలు వారం వారం పెరుగుతూ పోయి, ఆ ఆఫీసుకూ ముప్పు వచ్చింది. కమిటీ అధ్యక్షురాలు మిసెస్ కాట్స్, “ఇంకొక్క వారం ఇలా అక్షరాలు తెర దాటితే ఈ పని వేరొకరికి ఇస్తాం” అని హెచ్చరించింది. ఆ శనివారం నన్నూ వెంటబెట్టుకొని వెళ్ళాడు. తెర మీద ‘ప్రార్థన తరువాత భోజనం’ అన్నంతవరకే పట్టింది. ఎక్కడో పట్టలేదు.

మిసెస్ కాట్స్ వచ్చి అతని పక్కన కూర్చున్నది. వారి ఇంగ్లీషును నా తెలుగులో చెబుతున్నాను.

“శ్యామ్, ఈ రోజు అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉన్నట్టున్నాయి.”

“అవునండీ. చక్కగా ఉన్నాయి.”

“భోజనం ఎక్కడో ఎవరికీ తెలియడం లేదు.”

“వాసన వస్తుంది కదండీ.”

“రిమోట్ ఆ బల్ల మీదే ఉందనుకుంటాను.”

“అక్కడే ఉంది. ఎక్కడికీ పోలేదు, కంగారు పడకండి.”

నేను అతని మోచేతిని పొడిచాను. “ఒరేయ్, ఆవిడ అడుగుతున్నది నీకు అర్థం కాలేదా? పని పోతుందిరా.”

“అర్థమైంది అక్కయ్యా. కాస్త ఆగు.”

బడిలో వెనుక బెంచీలను కనిపెట్టి ఉండడం నాకు ముప్పై అయిదేళ్ళ వృత్తి. చివరి వరుసలో తొంభై ఏళ్ళ పెర్ల్‌మన్‌గారు కూర్చున్నారు. అందరూ పుట తిప్పాక, ఒక్క క్షణం ఆగి ఆయన తిప్పుతున్నారు. చదవలేని పిల్లలు సరిగ్గా అలాగే తిప్పుతారు.

అంతలో తెర మీద ‘ఎస్తేర్ పెర్ల్‌మన్’ అన్న పేరు వచ్చింది. ఆ గోడంతా ఆ పేరే. పెర్ల్‌మన్‌గారు ముందు బెంచీని పట్టుకొని లేచి నిటారుగా నిలబడ్డారు.

“క్రిందటి ఏడు ఆయన లేవలేదు,” అన్నది మిసెస్ కాట్స్ మెల్లగా. “పాపం, భార్యను మరిచిపోయారనుకున్నాం.” తెర వైపు చూసింది, మా వాడి వైపు చూసింది. రిమోట్ మాట మరి ఎత్తలేదు. వచ్చే వారం నుంచి భోజనం సంగతి కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తామన్నది.

బయటకు వచ్చేటప్పుడు పెర్ల్‌మన్‌గారు మమ్మల్ని ఆపారు. “ఏమిటయ్యా ఆ అక్షరాలు? మేమందరం గుడ్డివాళ్ళమనుకున్నావా? కాస్త తగ్గించు.”

“క్షమించండి సార్. నా పిచ్చి మీకు తెలిసిందే. తగ్గిస్తాను,” అన్నాడు శ్యామ్ తల వంచుకొని.

తరువాతి శుక్రవారం అక్షరాలను ఇంకొక మెట్టు పెంచి వచ్చాడు. శనివారం పెర్ల్‌మన్‌గారు తెరను చివరి వరుస నుంచి చివరిదాకా చదివి, “ఇప్పుడు బాగుంది. చెబితే వింటాడు, మంచివాడు,” అన్నారు.