ఆ పొద్దున కుంటింది నేను

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అంతకన్నా లేదు. ఫిజియోథెరపీ చదివే రోజుల్లో ఎముకల పెట్టె పక్కన పెట్టుకుని పులిహోర తిన్న మనిషిని. ఒంట్లో ప్రతి ఎముకకీ, ప్రతి కండకీ ఒక పేరుంది. మధ్యలో దయ్యం దూరే సందు ఎక్కడుందో నాకెవరూ చూపించలేదు. మా అత్తమ్మ ఇంటి ప్రార్థనలో దుష్టశక్తులను గట్టిగా గద్దిస్తుంటే నేను కళ్లు మూసుకుని మధ్యాహ్నం కూర గురించి ఆలోచిస్తుంటాను. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత సంగతి చదివి నన్ను దయ్యాలను నమ్మేవాళ్ల జాబితాలో వేయకండి.

విడవలూరులో నాకు చిన్న క్లినిక్ ఉంది. నాట్లు వేసి నడుం పట్టేసిన ఆడవాళ్లు, వలలు లాగి భుజం చెడగొట్టుకున్న మగవాళ్లు, బైకు మీంచి పడి ఇంట్లో చెప్పని కుర్రాళ్లు, అందరూ నా దగ్గరికే వస్తారు. నా పద్ధతి ఒకటే. వచ్చిన మనిషిని ముందు తలుపు దాకా నడిపిస్తాను. తర్వాత బాగున్న వైపు పట్టి చూస్తాను. ఆ తర్వాతే నొప్పి ఉన్న వైపు. ఎక్కడ నొక్కితే 'అమ్మా' అంటారో, ఏ వైపు తిప్పితే మొహం చిట్లిస్తారో, అదే మాకు దారి. నొప్పి లేని మనిషిని పరీక్ష చేయడం చాలా కష్టం.

ఆ పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టగానే నా కుడి గజ్జలో కలుక్కుమంది. అక్కణ్ణుంచి తొడ మీదుగా మోకాలి దాకా ఒకటే లాగుడు. ముందు రోజు నేను పడలేదు, బరువులు ఎత్తలేదు, హాయిగా నిద్రపోయాను. మంచం మీద వెల్లకిలా పడుకుని నన్ను నేనే పరీక్ష చేసుకున్నాను. ఎడమ కాలు మడిస్తే తిన్నగా పొట్ట మీదికి వచ్చింది. కుడిది మాత్రం మడుస్తుంటే దానంతట అదే బయటికి తిరిగిపోయింది. ఎంత లాగినా తిన్నగా రాదు.

మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని ఈ విన్యాసాలన్నీ చూసి, మంచి డాక్టర్ దగ్గర చూపించుకోమని సలహా ఇచ్చాడు. అత్తమ్మ కొబ్బరినూనె రాసి ప్రార్థన చేసింది. మొహమాటానికి తగ్గిందన్నాను. తగ్గలేదు.

కుంటుకుంటూ క్లినిక్‌కి వెళ్లాను. కుడి పాదం బయటికి తిరిగి, నడక బాతు నడకలా ఉంది. బెంచీ మీద భుజం నొప్పి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రోజూ నేను చెప్పే వ్యాయామాలు చేయకుండా చేశానని అబద్ధం చెబుతాడు. ఆయనకు ఆ రోజు పండగే.

"ఏందమ్మా, మమ్మల్నందర్నీ నడిపిచ్చేదానివి, ఇయాల నిన్నెవరు నడిపిచ్చేది?" అన్నాడు. క్లినిక్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, గోడ పట్టుకుని.

కాసేపటికి ఒక తల్లీ కూతురూ వచ్చారు. సముద్రం వైపు ఊరు. తల్లి రొయ్యల గుంటల దగ్గర పనికి పోతుంది. కూతురు కీర్తన ఎనిమిదో తరగతి, బొద్దుగా, గలగలా మాట్లాడే పిల్ల. బడిలో ఖో-ఖో జట్టుకు కెప్టెన్. కుడి మోకాలికి నాటు కట్టు ఉంది. కొన్ని వారాలుగా మోకాలు నొప్పి అని కుంటుతోందట. మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారట.

కానీ నా ముందు ఆ పిల్ల చక్కగా నడుస్తోంది. తలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి, ఒంటికాలి మీద నిలబడి కూడా చూపించింది.

తల్లి సిగ్గుపడిపోయింది. "నిన్న రేత్రి దాకా గోడలు పట్టుకుని నడిచిందమ్మా. పొద్దన్నే లేచి నొప్పే లేదంటుండాది. ఆస్పత్రికి రానని ఒకటే గొడవ. బస్సు ఛార్జీలు దండగని నేను గూడా తిరిగి పోదామనుకున్నా."

"ఎల్లుండి పోటీలుండాయి మేడం. ఆడొచ్చని మా అమ్మకి చెప్పండి" అంది కీర్తన. దానికి కావలసింది ఆ ఒక్క మాటే.

కట్టు విప్పాను. ఎడమ మోకాలు చూశాను, తర్వాత కుడిది. వాపు లేదు, చిప్ప బాగుంది, కీలు గట్టిగా ఉంది. ఎక్కడ నొక్కినా కితకితలని నవ్వుతోంది. ఆడుకోనివ్వండి అనే మాట నా నోటిదాకా వచ్చింది. చేతులు కడుక్కోవడానికి లేచి రెండడుగులు వేశాను.

వెనక నుంచి కీర్తన పకపకా నవ్వింది. "అమ్మా, మేడం చూడు! అచ్చం నా మాదిరే నడస్తుండాది!"

తల్లి నవ్వలేదు. "అవునమ్మా. నిన్నటి దాకా ఇది నడిచింది ఇట్నే. పాదం గూడా అట్నే బయటికి తిప్పి."

చేతులు కడుక్కోకుండానే వెనక్కి తిరిగాను. ఆ పిల్ల కుంటడం నేను ఎన్నడూ చూడలేదు. అంతకు ముందు ఆ పిల్లనే చూడలేదు.

కీర్తనను బల్ల మీద పడుకోబెట్టాను. ఎడమ కాలు మడిస్తే తిన్నగా వచ్చింది. కుడిది మడుస్తుంటే దానంతట అదే బయటికి తిరిగిపోయింది, పొద్దున మంచం మీద నా కాలు తిరిగినట్టే. లోపలికి తిప్పబోతే అసలు రాలేదు. అప్పుడు కూడా దానికి నొప్పి లేదు, నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎదిగే వయసులో కొందరికి తొడ ఎముక పైనుండే బంతి మెల్లగా జారుతుంది. జబ్బు తుంటిలో, నొప్పి మోకాల్లో. అందుకే అందరూ మోకాలికే కట్టు కడతారు. ఆ స్థితిలో ఎగిరి దూకితే బంతి పూర్తిగా పక్కకు పోవచ్చు, జీవితాంతం కుంటి కాలు మిగలొచ్చు. ఎల్లుండి పోటీలు.

పాదం నేల మీద పెట్టవద్దన్నాను. వెంటనే నెల్లూరు ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. ఖో-ఖో పోయిందని పిల్ల ఒకటే ఏడుపు. భుజం నొప్పి పెద్దాయన తను వచ్చిన ఆటోనే ఇచ్చేశాడు. తల్లి ఒక పక్క, నేను ఒక పక్క పట్టి సీటు మీద పడుకోబెడుతుంటే కీర్తన ఒక్కసారిగా "అమ్మా!" అని అరిచి కుడి గజ్జ పట్టుకుంది.

ఆ క్షణంలోనే నా కాలు తేలికైపోయింది.

ఆటో వెళ్లిపోయింది. నేను రోడ్డు మీద రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడి ఉన్నాను. లోపలికి నడిచి వస్తుంటే పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏందమ్మా, నీ కుంటు యాడ బోయె?" అన్నాడు. నేను ఆటో వెళ్లిన వైపు చూశాను.

తుంటికి ఎక్స్‌రే తీసిన డాక్టర్ సాయంత్రం ఫోన్ చేశారు. బంతి కొద్దిగానే జారిందట, స్క్రూ వేస్తే సరిపోతుందన్నారు. పోటీలకు పోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. తర్వాత కర్రల మీద నుంచి కాళ్ల మీదికి కీర్తనను నేనే నడిపించాను. ఇప్పుడు మళ్లీ పరిగెడుతోంది. మొన్న దారిలో కనబడితే ఆగకుండానే చెయ్యూపి పోయింది. దాని వెనక తల్లి అరుస్తోంది, నిదానంగా పోవే అని. సంతోషంతో నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మా ఆయన కండరం పట్టేసి ఉంటుందంటాడు. అత్తమ్మ దేవుని కార్యం అంటుంది, కొబ్బరినూనెకు కూడా అందులో వాటా అడుగుతుంది. ఆ జబ్బులో నొప్పి వస్తూ పోతూ ఉంటుందని నాకూ తెలుసు. కానీ కీర్తన నుంచి పోయిన నొప్పి నా దగ్గరికి ఎందుకొచ్చిందో, పని కాగానే తిరిగి ఎలా వెళ్లిందో ఏ పరీక్షతోనూ తేల్చలేకపోయాను.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ పొద్దున మంచం దిగేముందు ఒక్క క్షణం ఆగుతాను. మెల్లగా పాదం నేల మీద ఆనించి చూస్తాను, ఈ రోజు ఎవరైనా వస్తున్నారేమోనని. ఏ నొప్పీ ఉండదు. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశగానే ఉంటుంది.