గట్టిగా చెప్తే చెడిపోయే మంత్రం

మా చిన్నప్పుడు తేలు కుట్టిందంటే చాలు, ఊరంతా మా ఇంటికే పరుగెత్తుకొచ్చేది... కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట ఇది. మైదుకూరు పక్కన రాళ్ల నేల మాది. గోడలో రాయి కదిపితే తేలు, గడ్డివామి దులిపితే తేలు!

మా నాయనకు తేలు మంత్రం వచ్చు. వేపమండతో భుజం నుంచి వేళ్ల దాకా దిగదుడుస్తూ పెదాలు మాత్రం కదిలించేవాడు. ఒక్క అక్షరం బయటికి వినపడేది కాదు. పైకి చెప్తే మంత్రం చెడిపోతుందట.

అలాంటి మనిషి బాప్తిస్మం తీసుకున్న రోజు ఏం చేశాడో తెలుసా... ఊరి పక్క వంక నీళ్లలో మునిగి లేచి, తడిబట్టలతోనే ఒడ్డున నిలబడి, ఆ మంత్రాన్ని అందరూ వినేలా గొంతెత్తి చెప్పేశాడు. మళ్లీ ఎప్పుడైనా మనసు లాగినా పనికి రాకూడదని. నరసింహులు పోయి యోహాను అయ్యాడు.

అమ్మ మాత్రం నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది. "రేపు మన బిడ్డనే కుడితే ఏం జేస్తావు?" అంది.

కుట్టింది నన్ను కాదు. ఆ ఎండాకాలమే, మిట్టమధ్యాహ్నం, పక్కింటి ఓబులమ్మ తన చిన్నకూతురు లచ్చిమిని భుజాన వేసుకుని వచ్చింది. ఎర్రతేలు... పిల్లకు ఒళ్లంతా చెమటలు, నోట్లో నురగ, కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి.

"నరసిమ్ములన్నా, మంత్రం ఎయ్యన్నా... నీ కాళ్లు మొక్కుతా!"

"అది ఇడిసిపెట్టినా గదమ్మా... నువ్వూ ఆడనే ఉంటివి గదా."

నాయన ముందు ఓబులమ్మ మొగుణ్ణి బండి కట్టమని తరిమాడు. ఆస్పత్రి మైదుకూరులో. ఎద్దులేమో మేతకు పోయి ఉన్నాయి, వెతికి తోలుకురావాలి. ఈలోగా పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి దానంతటదే వేపమండ విరిచింది... ఒక క్షణం దాన్నే చూసి, అవతలికి విసిరేసి, పిల్ల తల మీద అరచెయ్యి పెట్టాడు.

"యేసయ్యా! ఈ ఇసం నీ ముందర ఎంత? బిడ్డను ఇడిసిపెట్టి పొమ్మని చెప్పయ్యా!"

ఓబులమ్మ బెదిరిపోయింది. "మెల్లగా చెప్పన్నా... అందరూ ఇంటాండారు, ఇది గూడా చెడిపోతాది!"

"ఇది చెడిపోయేది గాదమ్మా" అని నాయన గొంతు ఇంకా పెంచాడు. గొంతు పెద్దదే గానీ, పిల్ల తల మీద ఆ చెయ్యి గడగడ వణుకుతూనే ఉంది. పిల్ల పోతే ఊళ్లో మనల్ని బతకనియ్యరని అమ్మ గొణుగుతోంది. నాకు కాలు నిలవలేదు, లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. లచ్చిమికి ఏమన్నా అయితే నాయన మళ్లీ మనిషి కాడని భయం...

ఎద్దులు దొరికి బండి వాకిట్లోకి వచ్చేసరికి లచ్చిమి కళ్లు తెరిచింది. "మా... నీళ్లు" అంది. ఓబులమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. అయినా నాయన ఊరుకోలేదు, వాళ్లను బండెక్కించి తనూ ఆస్పత్రికి పోయాడు. మర్నాడు పిల్ల మా వాకిట్లో ఆడుకుంది. దేవుడే బతికించాడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఇక జనం మళ్లీ మొదలు... "ఆ యేసు మంత్రం మాకూ నేర్పప్పా" అని నాయన నోటి దగ్గర చెవి పెట్టేవాళ్లు! "చెవులో ఎందుకప్పా, అందరూ ఇనేదే గదా" అని నాయన తల కొట్టుకునేవాడు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, లచ్చిమి బతక్కపోయుంటే ఏం చేసేవాడివి నాయనా అని.

"ఆ పొద్దు నాకూ అదే భయం మ్మా. అయినా ఆయన్ను గాక ఇంకెవరిని అడగల్ల?" అన్నాడు.

ఇప్పుడు మా వీధి చివర స్వస్థత కూటాలు పెడుతున్నారు. మైకుల మోతకు కిటికీ అద్దాలు అదురుతాయి. కుదురుగా కూర్చోలేను, లేచి గుమ్మం దాకా పోయి వింటాను... ఆ గొంతుల్లో నాయన చేతి వణుకు ఎక్కడైనా ఉందా అని.

మీ ఇళ్లలోనూ అలా భయపడుతూనే దేవుణ్ణి గట్టిగా పిలిచినవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పండి. నాకు వినాలని ఉంది.