వెనక్కి వచ్చిన మొదటి ట్రిప్పు

ఆ ఉదయం బస్సులో ఉన్నవి: ముందు అద్దానికి వాడిపోయిన బంతిపూల దండ, కొత్త రూట్ బోర్డు, ఒక జామకాయల గంప. ఉన్నవాళ్లు: డ్రైవరు, కండక్టరు, గంప తాలూకు అవ్వ, మెడలో టైలతో, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైళ్లతో ఆరుగురు కుర్రాళ్లం. మేం ఆరుగురం ఆ రోజు ఒకే కంపెనీలో చేరాలి. పది గంటలకల్లా హాజరు కాకపోతే ఆ ఉద్యోగం వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి వెళ్తుందని ఉత్తరంలో రాశారు.

కొత్తగూడ దాటాం. మా ఆఫీసు అద్దాల భవనం కనిపించింది. అందరం లేచి నిలబడ్డాం. బస్సు ఆగలేదు.

"ఈడ స్టాప్ లేదు సార్," అన్నాడు కండక్టరు. "షెల్టర్ కాడనే ఆపాలె. మధ్యల ఆపితే నాకు మెమో ఇస్తరు."

బస్ షెల్టరు అక్కడికి రెండు కిలోమీటర్ల అవతల, బండరాళ్ల మధ్య ఉంది. ఈ కొత్త రూటు ప్రారంభోత్సవానికి వేదిక వేయడానికి చదునైన చోటు అదొక్కటే దొరికిందట, అందుకని షెల్టరూ అక్కడే కట్టారు. జెండా ఊపారు, బస్సు పది గజాలు కదిలింది, ఫొటోలు తీశారు. తర్వాత తీరిగ్గా డివైడరు పూర్తిచేసి అందులో పూలమొక్కలు నాటారు. అంతదూరం వెళ్లిన బస్సు ఎక్కడ తిరుగుతుందని ఎవరూ అడగలేదు. మేం చేరేసరికి ఒకవైపు బండలు, ఇంకోవైపు మోకాలెత్తు డివైడరు, ఎదురుగా కంకర గుట్ట.

కొన్నాళ్లకు ఆ రోడ్డు ప్లాను చూశాను. అందులో బస్సు ఒక ఎర్ర గీత, గీత చివర బాణం గుర్తు. బాణానికి వెనక్కి తిరగాల్సిన పని లేదు.

టైము పావు తక్కువ పది దాటింది. నడిస్తే అందుకోలేం, ఆటోలు ఆ వైపు రావు. డివైడర్లో ఉన్న ఒకే ఒక్క సందు కార్ల కోసం వదిలింది, అదీ మా ఆఫీసు గేటు ఎదురుగా.

"ఇగ గా సందు దాంక రివర్సే," అన్నాడు డ్రైవరు. "నాకు ఎనక ఏం కనవడది. మీరు జూసి చెప్పుండ్రి."

ఆరుగురం వెనక అద్దానికి అతుక్కున్నాం. "ఎడమకి," అని నేను అరిచాను. బస్సు నేరుగా బండల మీదికి పోయింది. మేం వెనక్కి చూస్తున్నాం, ఆయన ముందుకు చూస్తున్నాడు.

"ముందు ఎవరి ఎడమో తేల్చుకోవాలండీ," అన్నాడు గుంటూరు కుర్రాడు. ఇంజనీర్లం కాబట్టి చర్చ మొదలైంది. ముగ్గురు డ్రైవరు ఎడమ అన్నారు, ముగ్గురు మన ఎడమ అన్నారు.

"ఓ సార్లూ, మీటింగ్ అయినంక చెప్పుండ్రి, చాయ్ తాగొస్త," అన్నాడు డ్రైవరు.

"ఎడమా వద్దు, కుడీ వద్దబ్బా," అన్నాడు కడప కుర్రాడు. "పూలు, రాళ్లు అందాం."

అంతే, బస్సు పరుగందుకుంది. "పూలు, పూలు, చాలు, రాళ్లు, ఇంకొంచెం రాళ్లు" అని ఆరు గొంతులు ఒకేసారి పాడుతున్నాయి. కండక్టరు విజిల్‌తో తాళం వేస్తున్నాడు. గంప ఒరిగి జామకాయలు మా బూట్ల మధ్య దొర్లుతున్నాయి. అవ్వ వాటిని ఏరడం మానేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మంచిగ జెప్తున్నరు బిడ్డా. గింత సదువు సదివింది దీనికేనా?"

నవ్వి నవ్వి నా పొట్ట పట్టేసింది. జీవితంలో మొదటి ఉద్యోగానికి ఇలా వెనక్కి నడిచే బస్సులో వెళ్తానని ఎప్పుడూ అనుకోలేదు. వెనక్కి వెనక్కి వస్తున్న బస్సును చూసి గేటు దగ్గరి వాచ్‌మన్ ఎందుకైనా మంచిదని సెల్యూట్ కొట్టాడు.

బస్సు సందు దగ్గర నిలిచింది.

"ఇక్కడ స్టాప్ లేదంటివే?" అన్నాడు కడప కుర్రాడు.

"నేనెక్కడ ఆపిన సార్? బండి తిప్పుకుంటున్న," అన్నాడు కండక్టరు. "గా లోపట మీరు దుంకితే నాకేం ఎరుక?"

దూకాం. అవ్వ కిటికీలోంచి తలా ఒక జామకాయ విసిరింది. టైలు భుజాల మీద ఎగురుతుండగా మెట్లెక్కి పరుగెత్తాం.

ఆ రోజు చేరాల్సినవాళ్లు ఆరుగురు. పది గంటలకు హాజరైనవాళ్లు ఆరుగురు.